ఒబెరామర్‌గౌ గ్రామస్థుల మ్రొక్కుబడి



మీ గ్రామములో క్రిస్మసు రాత్రి ఆడు నాటకమును ఒకసారి తలంచుకొనుడి. గొల్లల వేషములకు పిల్లలు పోటీపడుదురు. హేరోదు వేషమునకు గొంతు గట్టిగానున్న వానిని వెదకి పట్టుకొందురు. తెల్లవారగానే తెరలుగా కట్టిన దుప్పట్లు విప్పి ఎవరివి వారికి చేర్చుదురు. అంతటితో ఆ యేటికి నాటకము ముగిసినట్లే. అట్టి ఊరి నాటకము ఒకటి ప్రమాణపూర్వకముగా మొదలై, తాతలనుండి తండ్రులకు, తండ్రులనుండి బిడ్డలకు దిగి, నాలుగువందల యేండ్లకు సమీపముగా నడచుచున్నదన్న నమ్ముదురా?

జర్మనీ దేశమున, బవేరియా కొండల నడుమ, ఒబెరామర్‌గౌ అను గ్రామము కలదు. జనసంఖ్య అయిదువేలకు పైచిలుకు. ఊరికి ఎదురుగా కోఫెల్ అను కొండయు, దాని శిఖరముమీద ఒక సిలువయు కనబడును. కొయ్యబొమ్మలు చెక్కుట ఆ ఊరివారికి పూర్వమునుండి వచ్చిన వృత్తి. వీరు పదియేండ్ల కొకమారు మన ప్రభువు శ్రమలను నాటకముగా ఆడుదురు. 2022వ సంవత్సరమున ఆడినది నలుబది రెండవ పర్యాయము. రాబోవునది 2030లో. ఇంకను కొన్ని యేండ్లున్నవి గదా అని మీరనవచ్చును. ఆ ఊరిలో ఆ మాట చెల్లదు. ఏలయనునది ముందు చెప్పెదను.

కథ 1633వ సంవత్సరమున మొదలగుచున్నది. అప్పుడు ఐరోపాలో ముప్పదియేండ్ల యుద్ధము జరుగుచుండెను. సైన్యములు నడచిన త్రోవలలో కరవును, దానివెనుక తెగులును నడచెను. ఒబెరామర్‌గౌ పెద్దలు ఊరి పొలిమేరలయందు కావలి పెట్టి, పొరుగు ఊరివారిని రానీయకుండిరి. కొంతకాలము ఊరు క్షేమముగానే యుండెను. కాస్పర్ షిస్లర్ అను కూలివాడు వేసవియంతయు ఎషెన్‌లోహె అను పొరుగు గ్రామమున పనిచేయుచుండెనట. ఊరి గుడి పండుగ వచ్చెను. పండుగనాడు భార్యాబిడ్డలయొద్ద నుండవలెనని అతడు కావలివారి కన్నుగప్పి కొండదారిని ఇల్లు చేరెను. తెగులు అతనితోకూడ గడప దాటెను. రెండు దినములలో అతడు చనిపోయెను. అక్టోబరు నెల ముగియకముందే ఎనుబది నలుగురు చనిపోయిరని ఊరి వృత్తాంతము చెప్పుచున్నది. ఆ కూలివానిని నిందించుటకు నాకు నోరు రాదు. పొట్టకూటికై పరాయి ఊరు పోయినవాడు పండుగకు ఇల్లు చేరగోరుట మన పల్లెలలో తెలియని సంగతియా?

అప్పుడు ఊరి పెద్దలు గుడిలో కూడుకొని, ఈ తెగులు తొలగినయెడల పదియేండ్ల కొకసారి ప్రభువు శ్రమల నాటకమును ఆడుదుమని మ్రొక్కుకొనిరి. ఆ దినము మొదలు ఊరిలో ఆ తెగులువలన మరియొకరు చనిపోలేదని గ్రామస్థుల సంప్రదాయము. మరుసటి యేడు, 1634లో, పెంతెకొస్తు పండుగకు మొదటి నాటకము ఆడిరి. ఎక్కడనందురా? గుడి ప్రక్కనున్న సమాధులతోటలో, తెగులువలన చనిపోయినవారి గోతులకు పైగా వేదిక కట్టి ఆడిరి. చూచువారిలో బిడ్డను పాతిపెట్టిన తల్లులుండిరి. మగ్దలేనే మరియ తోటలో ఏడ్చుచుండు ఘట్టము వారి కెట్లుండెనో మీరే ఊహించుకొనుడి.

1680 మొదలుకొని సున్నతో ముగియు సంవత్సరములయందు ఆడుట వాడుకయైనది. నేటికి నిలిచియున్న మాతృకలలో పురాతనమైనది 1662 నాటిది. పండితులు దానిని పరిశీలించి, అది రెండు పాత నాటకములను కలిపి కుట్టినదని కనుగొనిరి. ఒకటి ఆగ్స్‌బర్గ్ పట్టణపు మఠములోనిది. రెండవది అదే పట్టణపు సెబాస్టియన్ విల్డ్ అను కవి వ్రాసినది. కాబట్టి ఈ నాటకపు మాటలు మొదటినుండియు మార్పులకు లోబడియే యున్నవి. ఈ సంగతి మీరు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పనియున్నది.

ప్రభుత్వములతో వారు పడిన పాట్లు అనేకములు. 1770లో బవేరియా ప్రభువు, పరిశుద్ధ మర్మములకు నాటకరంగము తగిన స్థలము కాదని, శ్రమల నాటకముల నన్నిటిని నిషేధించెను. ఆ సంవత్సరము ఆట జరుగలేదు. 1780లో గ్రామస్థులు దానికి ‘పాత క్రొత్త నిబంధనలు’ అను అర్థమిచ్చు పేరుపెట్టి, అనుమతి సంపాదించి ఆడిరి. 1810లో మరల నిషేధము కలిగెను. మరుసటి యేటనే, మాటలన్నియు క్రొత్తగా వ్రాయించి, అనుమతి పొంది ఆడిరి. 1830లో ఆట సమాధులతోటనుండి ఊరి చివరనున్న ఇప్పటి స్థలమునకు మారెను. 1870లో ఆట మధ్యలో ఫ్రాన్సుతో యుద్ధము వచ్చి, క్రీస్తు వేషధారియైన యోసేపు మయర్‌ను సైన్యమునకు పిలిచిరి. ఆట కొరకు పెంచిన జుట్టును కత్తిరింపకుండ అతనిని కొలువులో నుంచిరని చెప్పుదురు. మరుసటి యేడు మిగిలిన ఆట ముగించిరి. మొదటి ప్రపంచయుద్ధమువలన 1920 ఆట 1922కు జరిగెను. 1940లో రెండవ యుద్ధమువలన ఆట లేకపోయెను.

ఇక ఆట జరుగు తీరు. ఆ గ్రామమున పుట్టినవారికిగాని, ఇరువది యేండ్లు అక్కడ కాపురమున్నవారికిగాని మాత్రమే రంగముమీద హక్కు. బయటి నటులను కూలికి తెచ్చుట లేదు. అయినను రంగముమీద, వాద్యబృందములో, పాటకుల వరుసలో, తెరవెనుక పనులలో రమారమి రెండువేలమంది పాల్గొందురు. ప్రభువు గాడిదనెక్కి యెరూషలేము ప్రవేశించు ఘట్టమున చంటిబిడ్డలనెత్తుకొన్న తల్లులును, కఱ్ఱపట్టుకొన్న ముసలివారును ఒకే గుంపులో నడతురు. పంటివైద్యుడు, వడ్రంగి, బడిపంతులు, పూటకూళ్లయింటివాడు ఆ నెలలయందు పేతురును పిలాతును కయపయు నగుదురు. 1900, 1910, 1922 సంవత్సరములయందు ప్రభువు వేషము ధరించిన ఆంటన్ లాంగ్ ఒక కుమ్మరి. ముఖ్యమైన వేషములకు నేడు ఇద్దరేసి నటులుందురు. ఏలయన ఆట మే నెలలో మొదలై అక్టోబరు వరకు, వారమునకు అనేక దినములు జరుగును. ఆట నిడివి సుమారు అయిదు గంటలు. నడుమ భోజనమునకు విడుపుందును. ప్రేక్షకులకు పైకప్పు కలదు గాని రంగము ఆకాశము క్రిందనే యున్నది. వాన కురిసినయెడల శిష్యులు తడియుచునే పస్కా పండుగకు నడతురు.

ఇందులో నాకు మిక్కిలి నచ్చినది ఒకటి కలదు. ఘట్టముల నడుమ తెర తీసినప్పుడు పాత నిబంధన సంగతులు సజీవ చిత్రములుగా కనబడును. మనుష్యులు కదలక, రెప్పవేయక, చెక్కిన బొమ్మలవలె నిలుతురు. యోసేపును అన్నలు అమ్మివేయుట, అరణ్యములో ఇత్తడి సర్పము మొదలైన చిత్రములు నిలువగా, పాటకులు వాటి భావమును పాడుదురు. అక్షరము రాని రైతునకు సయితము పాత నిబంధన క్రొత్త నిబంధనలకుగల సంబంధము కంటికి అగపడును. ఇంత తేటగా దానిని బోధించు ఉపాయము మరియొకటి నేనెరుగను.

వెంట్రుకల సంగతి కూడ చెప్పవలెను. ఆటకు ముందటి సంవత్సరము భస్మ బుధవారమున గ్రామాధికారి ఒక ప్రకటన వేయించును. ఆ దినము మొదలు నటించువారు తలవెంట్రుకలు కత్తిరింపకూడదు. పురుషులు గడ్డము గొరిగించుకొనకూడదు. రోమా సైనికుల వేషగాండ్రకు మాత్రము మినహాయింపు. ఏడాది పొడవున ఆ ఊరి అంగళ్లలో, పొలములలో, పాఠశాలలలో అపొస్తలులవంటి మనుష్యులు తిరుగుచుందురు.

స్త్రీల విషయమున మాత్రము ఊరి ఆచారము చాలకాలము కఠినముగా నుండెను. వివాహము కానివారై, ముప్పదియైదేండ్లలోపువారై యున్న స్త్రీలే ఆడవలెనని నియమము. అందుచేత ప్రభువు తల్లి వేషము వేయు స్త్రీ కుమారుని వేషము వేయు పురుషునికంటె వయస్సులో చిన్నదగుచుండెను. ఇది వింతయని ఎవరును చెప్పలేదా? చెప్పిరి. చివరకు ఊరి స్త్రీలు న్యాయస్థానమునకు పోయి 1990లో తీర్పు పొందిరి. అప్పటినుండి పెండ్లియైనవారును, వృద్ధస్త్రీలును రంగమెక్కుచున్నారు. మ్రొక్కుబడి చేసినప్పుడు తెగులు పురుషులను స్త్రీలను వేరుపరచి చంపలేదుగదా.

ప్రియులారా, ఇంతవరకు చెప్పినది వినుటకు ఇంపైన కథ. ఇక చెప్పవలసినది ఇంపైనది కాదు. అయినను దీనిని దాచి ఆ నాటకమును పొగడుట న్యాయము కాదు.

1750లో ఎట్టాల్ మఠమునకు చెందిన ఫెర్డినాండ్ రోస్నర్ అను సన్యాసి ఆ ఊరికొరకు ఈ నాటకమును క్రొత్తగా వ్రాసెను. అందులో యేసుమీద కుట్ర పన్నువాడు లూసిఫరు. అసూయ, లోభము, నిరాశ మొదలైన దుర్గుణములు వేషములు ధరించి అతని సేవకులుగా రంగమెక్కును. యూదాచేత ద్రోహము చేయించునది అవియే. రంగమున కనబడు పాపము చూచువాని పాపమునకు పోలికయై యుండెను. అటుపిమ్మట బుద్ధివాదము ప్రబలిన కాలమున అధికారులకు దయ్యముల వేషములు మోటుగా కనబడెను. 1811లో ఆట్‌మార్ వైస్ అను మఠ సన్యాసి మాటలను తిరుగ వ్రాసి దయ్యములను తీసివేసెను. అయితే కుట్ర పన్నుటకు ఎవరో ఒకరు కావలెనుగదా! దేవాలయమునుండి తరిమివేయబడిన వర్తకులు పగదీర్చుకొనువారుగా వచ్చిరి. యాజకులు వారితో కలిసిరి. గుంపంతయు ఒకే గొంతుతో అరచెను. 1860లో ఊరి గురువైన డైసెన్‌బెర్గర్ దానిని సవరించెను గాని ఆ కట్టుబాటు మారలేదు. ఇట్లు అపవాది దిగిపోయిన స్థలమున ఒక జనాంగము నిలువబెట్టబడెను. యాజకులకు కొమ్ములవలె కనబడు టోపీలు పెట్టిరి. మత్తయి సువార్త 27వ అధ్యాయము 25వ వచనములో గుంపు తనమీదను తన పిల్లలమీదను వేసికొనిన మాటను, ఆ జనాంగమంతటిమీద నిలిచిన శాపముగా వేలమంది వినుచుండిరి.

ఆడినవారు దుష్టులని నేననుట లేదు. వారు ఉపవాసముతోను ప్రార్థనతోను ఆడిన భక్తిగలవారు. అందువలననే సంగతి మరింత భయంకరము. 1934లో మూడువందల యేండ్ల పండుగకు ప్రత్యేకముగా ఆడినప్పుడు, ఆగస్టు 13వ తేదీన హిట్లరు వచ్చి ప్రేక్షకులలో కూర్చుండెను. 1942లో అతడు తన బల్లయొద్ద మాటలాడుచు, యూదులవలని అపాయమును ఇంత స్పష్టముగా చూపునది మరియొకటి లేదు గనుక ఆ నాటకమును నిలుపవలెనని చెప్పెను. అప్పటికి యూదులను లక్షలకొలది చంపుట జరుగుచుండెను. 1938 నవంబరులో, ఆ గ్రామముననే కాపురముండిన యూదు సంతతివాడైన సంగీతకారుడొకడు దాడికి గురియై డాఖౌ నిర్బంధ శిబిరమునకు పంపబడెను. అట్టి మనుష్యుడు ఆ మెప్పునకు పాత్రమైన నాటకము ఎవని శ్రమలను చూపుచుండెనో ఆ యేసు యూదుడు. ఆయన తల్లి యూదురాలు. పేతురు, యోహాను, మగ్దలేనే మరియ, సిలువయొద్ద ఏడ్చినవారు యూదులు. అడవి ఒలీవకొమ్మ అసలు చెట్టునకు అంటుకట్టబడిన సంగతిని రోమీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో మన పల్లెలలోని ఆదివారపు బడి పిల్లలు సయితము చదివియున్నారు.

యుద్ధము ముగిసిన తరువాత ఊరు వెంటనే మారెనా? మారలేదు. 1950లో పాత మాటలతోనే ఆడిరి. 1965లో రోమను కతోలికసంఘపు మహాసభ, ప్రభువు మరణమునకు యూదులందరిని దోషులుగా ఎంచరాదని ప్రకటించినను, 1970లో చేసిన మార్పులు స్వల్పములు. అప్పుడు అమెరికాలోని యూదు సంఘములు ఆ ఆటకు పోవద్దని పిలుపునిచ్చినవి. ఊరిలో కొందరు రోస్నర్ నాటకమును తిరిగి తెచ్చి, నిందను జనాంగముమీదనుండి తీసి అపవాదిమీద నిలుపవలెనని కోరి, 1977లో దానిని ఆడి చూపిరి. అత్యధికులు ఒప్పుకొనలేదు. తాతలు పలికిన మాటలను విడుచుటకు వారికి మనస్సు రాలేదు. మ్రొక్కుబడి చేసినది నాటకము ఆడుదుమని మాత్రమే; ఫలాని మాటలతో ఆడుదుమని ఎవరును మ్రొక్కలేదు. అయినను ఆచారము ముదిరినప్పుడు ఈ రెండింటికిగల భేదము చూచుట కష్టము. మన సంఘములలో ఒక పాట రాగము మార్చవలెనన్నను ఎంత తగవు పుట్టునో మీరెరుగుదురు.

1990 ఆటకు క్రిస్టియన్ స్టుక్ల్ అను ఆ ఊరి యువకుడు దర్శకుడుగా ఎన్నుకొనబడెను. అప్పటికి ముప్పదియేండ్లు నిండనివాడు, కొయ్యచెక్కడము నేర్చినవాడు. అతడు యూదు పండితులతో కూర్చుండి నాటకమును పంక్తి పంక్తిగా చదివెను. ముఖ్య నటులను యెరూషలేమునకు తోడుకొనిపోయెను. కొమ్ముల టోపీలు పోయినవి. 2000లో మత్తయిలోని ఆ గుంపు మాట రంగమునుండి తీసివేయబడెను. శిష్యులు ప్రభువును రబ్బీయని పిలుచుట, రొట్టె విరిచినప్పుడు హెబ్రీ భాషలో స్తుతి చెల్లించుట, ఇశ్రాయేలీయులు అనుదినము చెప్పుకొను ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయపు ప్రార్థనను గుంపంతయు హెబ్రీలో పాడుట క్రమముగా చేరినవి. సన్హెద్రిన్ సభలో కొందరు యేసు పక్షముగా వాదించుట నేడు ప్రేక్షకులు చూచుచున్నారు. నీకొదేమును అరిమతయియ యోసేపును సువార్తలలో నున్నవారేగదా. పిలాతు చేతులు కడుగుకొను సాధువుగా గాక, క్రూరుడైన అధికారిగా కనబడును. ఊరిలో ఈ మార్పులన్నిటికి ఎదిరింపు కలిగెను. ఓట్లు వేసి తేల్చుకొనవలసి వచ్చెను. ఒక్కొక్కసారి స్టుక్ల్ స్వల్పమైన ఆధిక్యముతో గెలిచెను.

మరియొక గోడయు కూలెను. 2000 మొదలుకొని క్రైస్తవులు కానివారికి సయితము రంగమెక్కు హక్కు కలిగెను. 2022లో యూదా ఇస్కరియోతు వేషమును వేసినవారిలో ఒకడు తుర్కీనుండి వచ్చిన కుటుంబములో పుట్టిన ముస్లిము యువకుడు. ఆ ఊరిలో పుట్టి పెరిగినవాడే. ఇది మీలో కొందరికి నొప్పి కలుగజేయవచ్చును. అయితే ఆలోచించుడి: ఆ మ్రొక్కుబడిని చేసినది ఊరు, తెగులు ఊరంతటిని కొట్టెను.

ఇంతకు 2022లో ఏల ఆడిరి, 2020 కదా రావలసిన యేడు? 2019 మార్చి 6వ తేదీ, భస్మ బుధవారమున, వాడుకచొప్పున ప్రకటన వెలువడెను. ఏడాదిపాటు అందరును జుట్టు పెంచిరి. వేషములు కుట్టిరి, పాఠములు వల్లించిరి. మే నెలలో ఆట మొదలుకావలసియుండగా, 2020 మార్చి 19న వాయిదా ప్రకటించిరి. కారణము మీకు తెలిసినదే: కోవిడు. తెగులు తప్పించినందుకు కృతజ్ఞతగా పుట్టిన నాటకము తెగులుచేతనే ఆగిపోయెను. పెరిగిన గడ్డములతో మంగలి అంగడికి పోయిన మనుష్యులు ఏమి తలంచుకొనిరో! 1633లో పొలిమేర కావలి పెట్టిన పెద్దలు ఆనాడు వారికి తప్పక జ్ఞాపకము వచ్చియుందురు. 2021 ఫిబ్రవరి 17న, మరల భస్మ బుధవారమున, ప్రకటన వేసి మొదటినుండి జుట్టు పెంచుట కారంభించిరి. 2022 మే 14 మొదలు అక్టోబరు 2 వరకు ఆట జరిగెను. చూచినవారు నాలుగు లక్షలకు మించిరి.

రాబోవు 2030 ఆటకు కొంత వ్యవధి కలదని మొదట అంటిని. క్రమము తప్పనియెడల 2029 ఫిబ్రవరి 14న భస్మ బుధవారము. ఆ దినమున ప్రకటన గోడకెక్కును. అంతకుముందే ఎవరెవరు ఏ వేషమునకని తేలవలెను. పాటకులు సాధకము చేయవలెను. 2022లో గుంపుతో పరుగెత్తిన ఎనిమిదేండ్ల బాలుడు అప్పటికి పదునారేండ్లవాడై, గొంతు మారి, గడ్డము మొలచీ మొలవక, ఏ వరుసలో నిలువవలెనో తెలియక అడుగుచుండును. మరి నాలుగేండ్లకు, 2034లో, సమాధులతోటలో ఆడిన ఆ మొదటి ఆటకు నాలుగువందల యేండ్లు నిండును. ఆ తోట గుడి ప్రక్కన ఇప్పటికిని ఉన్నది.